దొరకలేదని రాసే ముందు

జీఎన్‌ఎస్‌ఎస్ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి తరచూ మొదట అప్పగించే పని అక్విజిషన్. పుస్తకంలో అది రెండు పేజీల విషయం. రికార్డ్ చేసిన శాంపిళ్లు తీసుకుని ఒక్కో శాటిలైట్ కోడ్‌తో కోరిలేట్ చేయాలి, పీక్ వస్తే ఆ శాటిలైట్ ఉన్నట్టు. మేనేజర్ లెక్క కూడా అదే, అందుకే శుక్రవారానికి డెమో అడుగుతారు. మీరు పైథాన్‌లో వంద లైన్లు రాసి రన్ చేస్తారు. 32 జీపీఎస్ శాటిలైట్లలో ఒక్కటీ రాదు. లేదంటే 19 వస్తాయి. ఒక చోటి నుంచి ఒక సమయంలో పైన ఉండేవి మామూలుగా 8 నుంచి 12 కాబట్టి, 19 రావడం అసలు రాకపోవడంకన్నా పెద్ద చిక్కు. ఏమీ రాకపోతే వెతుక్కుంటారు. 19 వస్తే సంతోషపడి స్లైడ్‌లో పెట్టేస్తారు.

ఈ పనిలో పైకి వచ్చేది పీక్ త్వరగా చూపించినవాళ్లు కాదు. "దొరికింది" అన్నా "దొరకలేదు" అన్నా దానికి ఆధారం చూపగలిగినవాళ్లు. ఆ ఆధారం ఎలా కూడగట్టాలో, ఎక్కడెక్కడ బోల్తా పడతామో చూద్దాం. ఉదాహరణలన్నీ జీపీఎస్ ఎల్1 సీఏ కోడ్ మీద, చవక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ మీద చెబుతాను. చాలామంది చేతికి మొదట వచ్చేవి అవే.

ముందు లెక్క ఒకటి మనసులో ఉండాలి. నేల మీద జీపీఎస్ సిగ్నల్‌కి స్పెసిఫికేషన్ హామీ ఇచ్చే కనీస పవర్ మైనస్ 128.5 డీబీఎం. గది ఉష్ణోగ్రత దగ్గర థర్మల్ నాయిజ్ హెర్ట్జ్‌కి మైనస్ 174 డీబీఎం, 2 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో మైనస్ 111. అంటే సిగ్నల్ నాయిజ్ కింద 17 డీబీకి పైగా మునిగి ఉంటుంది, నాయిజ్‌లో యాభయ్యో వంతు కూడా ఉండదు. అందుకని రికార్డింగ్ స్పెక్ట్రమ్‌ని చూసి "సిగ్నల్ కనిపించడం లేదు, యాంటెన్నా పోయినట్టుంది" అని మెయిల్ పెట్టకండి. కనిపించకూడదు. నిలబడి ఉన్న పెద్ద పీక్ కనిపిస్తే అదే అనుమానించాల్సింది.

రికార్డింగ్ మంచిదో కాదో మరి ఎలా తెలుస్తుంది? మొదట శాంపిళ్ల హిస్టోగ్రామ్ వేయండి. యాంటెన్నా, ఎల్‌ఎన్‌ఏ పని చేస్తుంటే నాయిజ్ బెల్ ఆకారంలో పరుచుకుంటుంది. మూడు నాలుగు విలువల్లోనే ఇరుక్కుంటే గెయిన్ చాలడం లేదు, లేదా బయాస్ టీ ఆన్ చేయలేదు. యాక్టివ్ యాంటెన్నాకి కేబుల్ గుండా కరెంటు వెళ్లకపోతే అందులోని ఎల్‌ఎన్‌ఏ చచ్చినట్టే. రెండు చివర్లలో గోడలు కట్టినట్టు ఉంటే గెయిన్ ఎక్కువై క్లిప్ అవుతోంది. 8 బిట్లు చాలవేమోనని బెంగ అక్కర్లేదు. 2 బిట్ల క్వాంటైజేషన్‌తో పోయేది అర డీబీ చిల్లర, ఒక్క బిట్‌తో అయినా 2 డీబీ లోపే. ఇంకోటి, ఆర్‌టీఎల్ ఫైల్లో శాంపిళ్లు సైన్ లేని 8 బిట్‌వి, మధ్య విలువ 127.5. హ్యాక్‌ఆర్‌ఎఫ్ ఫైల్లో సైన్ ఉన్నవి. ఒకదాన్ని ఇంకోదానిలా చదివితే ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ ఇవ్వదు, చెత్త మాత్రం ఇస్తుంది.

తర్వాత, రికార్డ్ చేసే సమయానికే యాంటెన్నా పక్కన ఫోన్ పెట్టి జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్ తెరవండి. ఏ శాటిలైట్ ఎంత బలంగా ఉందో సీ బై ఎన్ నాట్ విలువలతో చూపిస్తుంది. టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకుని రికార్డింగ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. ఇంతకన్నా చవకైన సాక్షి లేదు. ఫోన్‌లో 14వ శాటిలైట్ 45 దగ్గర ఉండి మీ కోడ్‌కి దొరకలేదంటే ఆకాశాన్ని అనుమానించే పని లేదు. సాక్ష్యం లేని రికార్డింగ్ ఎవరైనా పంపి "మీ అల్గారిథమ్ పని చేయడం లేదు" అంటే, వాదనకి దిగకుండా స్క్రీన్‌షాట్‌తో మళ్లీ రికార్డ్ చేసి పంపమని అడగండి.

ఒక్క శాటిలైట్ కూడా రాని కేసుల్లో నేను మొదట అనుమానించేది క్రిస్టల్‌ని. కదలకుండా ఉన్న రిసీవర్‌కి శాటిలైట్ కదలిక వల్ల వచ్చే డాప్లర్ అటూ ఇటూ 5 కిలోహెర్ట్జ్. పాఠాలన్నీ ఆ లెక్కతోనే ఉంటాయి. కై బోరె, డెనిస్ ఏకోస్ తదితరుల 2007 నాటి పుస్తకంతో వచ్చిన మాట్‌లాబ్ కోడ్‌లో డిఫాల్ట్ వెతుకులాట మొత్తం 14 కిలోహెర్ట్జ్, అంటే అటు 7, ఇటు 7. మంచి ఫ్రంట్ ఎండ్‌కి అది చాలు. ఇప్పుడు మీ డాంగిల్ లెక్క వేయండి. ఎల్1 ఫ్రీక్వెన్సీ 1575.42 మెగాహెర్ట్జ్, కాబట్టి ఒక పీపీఎం తేడా అంటే 1575 హెర్ట్జ్. టీసీఎక్స్‌ఓ లేని డాంగిల్‌లో 40 పీపీఎం తేడా ఉందనుకుందాం. 63 కిలోహెర్ట్జ్ పక్కకి జరిగింది. మీరు వెతుకుతున్నది అటూ ఇటూ 7లో. కోడ్ అంతా సరిగ్గానే ఉన్నా సున్నా శాటిలైట్లు వస్తాయి, మీరు వారం రోజులు ఎఫ్‌ఎఫ్‌టీని తిట్టుకుంటూ కూర్చుంటారు. కొత్త హార్డ్‌వేర్ వస్తే మొదటిసారి అటూ ఇటూ 70 కిలోహెర్ట్జ్ దాకా వెతకండి. 500 హెర్ట్జ్ బిన్‌లతో అయితే 281 బిన్‌లు, ల్యాప్‌టాప్‌కి పెద్ద బరువేం కాదు. నాలుగైదు శాటిలైట్లు దొరికాక వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఆఫ్‌సెట్ బయటపడుతుంది, తర్వాతి నుంచి దాని చుట్టూ వెతికితే చాలు. డాంగిల్ వేడెక్కేకొద్దీ ఆఫ్‌సెట్ జరుగుతుంది కాబట్టి ఆన్ చేసి కాసేపు వదిలేశాకే రికార్డ్ చేయండి. మే నెల మేడ మీద కొలిచిన నంబర్‌ని ఏసీ ల్యాబ్‌లో వాడకండి.

కోడ్ జనరేటర్‌ని మాత్రం అనుమానంతో వదిలేయొద్దు, నిమిషంలో తేల్చేయొచ్చు. ఐఎస్-జీపీఎస్-200 డాక్యుమెంట్‌లో ఒక్కో పీఆర్‌ఎన్ మొదటి 10 చిప్‌లు ఆక్టల్‌లో ఇచ్చారు: 1వ పీఆర్‌ఎన్‌కి 1440, 2కి 1620, 3కి 1710. 32కీ పోల్చే టెస్ట్ ఒకటి రాసి రిపోలో పెట్టండి. ఇది రాయకుండా "నా కోడ్ కరెక్టే" అన్నవాళ్ల దగ్గర ట్యాప్ టేబుల్‌లో ఒక అంకె తారుమారై, ఒకే ఒక్క శాటిలైట్ నెలల తరబడి దొరక్కుండా ఉండిపోతుంది. మిగతావి వస్తున్నాయి కదా అని ఎవరూ పట్టించుకోరు.

ఇక 19 శాటిలైట్లు వచ్చిన కేసు. అది థ్రెషోల్డ్ తప్పు. ఒక మిల్లీసెకండ్ డేటాతో, అటూ ఇటూ 10 కిలోహెర్ట్జ్‌ని 500 హెర్ట్జ్ చొప్పున వెతికితే 41 డాప్లర్ బిన్‌లు. అర చిప్ చొప్పున 2046 కోడ్ ఫేజ్‌లు. గుణిస్తే ఒక్కో శాటిలైట్‌కి దాదాపు 84 వేల గళ్లు. గడిలో తప్పుడు అలారం వెయ్యింట ఒకటి ఉంటే ఫర్వాలేదని మీరు థ్రెషోల్డ్ పెడితే, శాటిలైట్ లేకపోయినా 84 గళ్లు గీత దాటుతాయి. మొత్తం మీద నూటికి ఒకటి కావాలంటే గడికి కోటిలో ఒకటి దరిదాపుల్లోకి దిగాలి. నాయిజ్ ఒక్కటే ఉన్నప్పుడు కోరిలేషన్ పవర్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పంచుకుని ఉంటుంది కాబట్టి, ఆ గీత సగటు నాయిజ్‌కి సుమారు 16 రెట్ల దగ్గర పడుతుంది.

ఇప్పుడు అదే గీత ఎదుట సిగ్నల్‌ని నిలబెట్టండి. సీ బై ఎన్ నాట్ 45 ఉన్న శాటిలైట్ మిల్లీసెకండ్‌లో 15 డీబీ ఇస్తుంది, అంటే 32 రెట్లు. హాయిగా దాటుతుంది. 40 ఉన్నది 10 రెట్లు, నాయిజ్ కలిపినా 11. దాటడం అదృష్టం మీద ఆధారపడుతుంది. 35 ఉన్నదాని మీద ఆశ పెట్టుకోకండి. ఈ మూడు లైన్ల లెక్క ముందే మేనేజర్‌కి చూపించి పెట్టుకుంటే, కిటికీ పక్కన తీసిన రికార్డింగ్‌లో ఒక్క మిల్లీసెకండ్‌తో ఆరు శాటిలైట్లు ఎందుకు రాలేదని తర్వాత ఎవరూ అడగరు. అడిగినా జవాబు మీ చేతిలో ఉంటుంది.

చాలా కోడ్‌లలో థ్రెషోల్డ్ ఇలా ఉండదు, పెద్ద పీక్‌కీ రెండో పీక్‌కీ నిష్పత్తి చూస్తారు. పైన చెప్పిన మాట్‌లాబ్ కోడ్‌లో అది 2.5. సులువైన పద్ధతి, డెమోకి బాగుంటుంది. కానీ ఆ 2.5 ఎక్కడి నుంచి వచ్చిందని రివ్యూలో అడిగితే "డిఫాల్ట్" అన్న జవాబు నిలబడదు. సింపుల్‌గా పరీక్షించండి. ప్రసారంలో లేని కోడ్ ఒకటి తయారు చేసి మీ నిజమైన రికార్డింగ్‌ల మీద వేల బ్లాకులకి రన్ చేయండి. ఎన్నిసార్లు గీత దాటిందో అదే మీ తప్పుడు అలారం రేటు. థియరీలో వచ్చిన నంబర్‌కన్నా అది ఎక్కువగానే ఉంటుంది. ఎందుకంటే గోల్డ్ కోడ్‌లు ఒకదానితో ఒకటి పూర్తిగా కలవకుండా ఉండవు. కోరిలేషన్ 1023లో 65 దాకా పోతుంది, అంటే 24 డీబీ తేడా, డాప్లర్ తోడైతే ఇంకాస్త తగ్గుతుంది. బలహీనమైన శాటిలైట్ల కోసం గీత కిందికి దించేకొద్దీ తలమీద ఉన్న బలమైన శాటిలైట్ వేరే పీఆర్‌ఎన్ వేషంలో కనిపిస్తుంది. ఒకే డాప్లర్ దగ్గర, లేదా సరిగ్గా కిలోహెర్ట్జ్ గుణిజాల తేడాలో బలమైనదీ బలహీనమైనదీ రెండూ ఉంటే బలహీనమైనదాన్ని నమ్మకండి.

గ్రిడ్‌ని బొమ్మగా వేసి చూసే అలవాటు కూడా మంచిది. నిజమైన శాటిలైట్ ఒక్క చోట ముల్లులా లేస్తుంది. ఒక డాప్లర్ బిన్‌లో కోడ్ ఫేజ్ పొడవునా గట్టులా లేస్తే అది శాటిలైట్ కాదు. డీసీ ఆఫ్‌సెట్ కావచ్చు, పక్కన ఏ ఎస్‌ఎంపీఎస్ నుంచో వచ్చిన టోన్ కావచ్చు.

సున్నితత్వం పెంచమంటే ఎక్కువసేపు కోహెరెంట్‌గా కలపడం సహజమైన దారి. 10 మిల్లీసెకండ్లకి 10 డీబీ లాభం. కానీ బిన్ 500 నుంచి 50 హెర్ట్జ్‌కి దిగుతుంది, పని పెరుగుతుంది. పైగా జీపీఎస్ డేటా బిట్ 20 మిల్లీసెకండ్లకోసారి తిరగబడవచ్చు. తిరగబడేచోట మీ 10 మిల్లీసెకండ్ల బ్లాక్ మధ్యలో పడితే సగం సగాన్ని కొట్టేసి పీక్ మాయమవుతుంది. వరసగా రెండు 10 మిల్లీసెకండ్ల బ్లాకులు తీసుకుంటే రెంటిలో ఒకటైనా శుభ్రంగా ఉంటుంది, పెద్దది ఎంచుకోండి. ఈ చిట్కాని గగన్ శాటిలైట్ల మీదికి అలాగే మోసుకెళ్లకండి. గగన్ 127, 128 పీఆర్‌ఎన్‌లు కూడా ఎల్1 మీదే, కోడ్ కూడా 1023 చిప్‌లే, కాబట్టి అదే లూప్‌లో కలిపేయాలనిపిస్తుంది. కానీ గగన్ లాంటి ఎస్‌బీఏఎస్‌లో సింబల్ 2 మిల్లీసెకండ్లే. 10 మిల్లీసెకండ్ల బ్లాక్‌లో నాలుగైదు చోట్ల తిరగబడే అవకాశం ఉంది, ఎంచుకోవడానికి శుభ్రమైన బ్లాకే ఉండదు. మిల్లీసెకండ్ చొప్పున తీసి పవర్‌లని కలపాల్సిందే.

నావిక్ ఎల్5 పని అప్పగిస్తే ముందు యాంటెన్నా డేటాషీట్ చదవండి. 1176.45 మెగాహెర్ట్జ్ చాలా డాంగిల్‌లకి అందుతుంది గానీ, కేవలం ఎల్1 కోసం చేసిన ప్యాచ్ యాంటెన్నాలోని ఫిల్టర్ దాన్ని మింగేస్తుంది. జియోస్టేషనరీ శాటిలైట్లకి డాప్లర్ దాదాపు ఉండదు కాబట్టి అక్కడ మీరు వెతుకుతున్నదంతా మీ క్రిస్టల్ తప్పునే. మన అక్షాంశాల్లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మార్చి ఏప్రిల్, సెప్టెంబర్ అక్టోబర్ నెలల్లో సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్ అల్లకల్లోలంగా ఉండి సిగ్నల్ తళుక్కుమంటూ ఆరుతూ ఉంటుంది. పాత వెర్షన్‌ని ఉదయం తీసిన రికార్డింగ్ మీద, కొత్త వెర్షన్‌ని రాత్రి 8 గంటలకి తీసిన రికార్డింగ్ మీద నడిపి పోల్చితే ఆ పోలిక దేనికీ పనికిరాదు. రెండు వెర్షన్లనీ ఒకే ఫైల్ మీద నడపండి.

ఇప్పటిదాకా చెప్పినవి కనిపించే తప్పులు. అక్విజిషన్ పాస్ అయిపోయి, రెండు వారాల తర్వాత ట్రాకింగ్ రాసే కొలీగ్ టేబుల్ మీద పేలేవి వేరే ఉన్నాయి. ఐ, క్యూ తారుమారైతే స్పెక్ట్రమ్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కోడ్ వాస్తవ సంఖ్యలే కనుక పీక్ మాత్రం చక్కగా వస్తుంది, డాప్లర్ గుర్తు ఒక్కటే తప్పుతుంది. ఎఫ్‌ఎఫ్‌టీ కోరిలేషన్‌లో కాంజుగేట్ వేయాల్సినదానికి కాక రెండోదానికి వేస్తే అప్పుడూ పీక్ వస్తుంది, కోడ్ ఫేజ్ వెనక నుంచి లెక్కపెట్టినట్టు వస్తుంది. యూఎస్‌బీ శాంపిళ్లు వదిలేస్తుంటే ఒక్కో మిల్లీసెకండ్ విడిగా బాగానే ఉంటుంది.

ఈ మూడింటినీ ఒకే పరీక్ష పట్టిస్తుంది. ఒక బలమైన శాటిలైట్‌ని సెకనుకోసారి చొప్పున ఫైల్ పొడవునా అక్వైర్ చేసి కోడ్ ఫేజ్‌ని గ్రాఫ్ వేయండి. ఒక చిప్‌లో 1540 క్యారియర్ సైకిళ్లుంటాయి కాబట్టి కోడ్ సెకనుకి జరగాల్సిన దూరం, కొలిచిన డాప్లర్‌ని 1540తో భాగిస్తే వచ్చేన్ని చిప్‌లు. ప్లస్ 3080 హెర్ట్జ్ వచ్చిందనుకోండి, సెకనుకి 2 చిప్‌లు. 2.048 మెగాశాంపిళ్ల రేటులో కోడ్ మొదలయ్యే చోటు సెకనుకి 4 శాంపిళ్లు ముందుకి, అంటే చిన్న ఇండెక్స్ వైపు రావాలి. డాంగిల్‌లో ట్యూనర్‌కీ శాంప్లింగ్‌కీ ఒకే క్రిస్టల్ గనుక క్రిస్టల్ తప్పున్నా ఈ నిష్పత్తి చెడదు, అదే ఇందులో గొప్ప. గీత వాలు సరిపోయి దిశ ఎదురైతే ఐ-క్యూ దగ్గరో కాంజుగేట్ దగ్గరో తప్పుంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దిశ ఎదురవుతుంది, రెండూ ఉంటే ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. అందుకే కాంజుగేట్‌ని విడిగా, మీరే జరిపి పెట్టిన కోడ్ మీద ముందు పరీక్షించుకోండి. గీత మధ్యలో మెట్లు మెట్లుగా తెగితే శాంపిళ్లు పోతున్నాయి.

ఇక్కడ ఒక పితలాటకం ఉంది. ఎఫ్‌ఎఫ్‌టీకి 2048 పాయింట్లు హాయి అని అందరూ 2.048 రేటే పెడతారు. ఆర్‌టీఎల్ డ్రైవర్ డిఫాల్ట్ బఫర్ 262144 బైట్లు, అంటే 131072 శాంపిళ్లు. 2.048 రేటులో అది సరిగ్గా 64 మిల్లీసెకండ్లు! బఫర్ మొత్తం పోయినా కోడ్ ఫేజ్ ఉన్నచోటే ఉంటుంది, గ్రాఫ్‌లో మెట్టు కనపడదు, నావిగేషన్ బిట్లు మాత్రం గల్లంతవుతాయి. డ్రాప్‌లు ఉన్నాయేమో తేల్చుకోవాలంటే 2.4 రేటులో రికార్డ్ చేసి చూడండి. 2400 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీని ఇప్పటి లైబ్రరీలు ఇబ్బంది లేకుండా చేస్తాయి.

వేగం సంగతి ఆఖరికి పెట్టుకోండి. 32 శాటిలైట్లకి 41 బిన్‌లంటే 1312 ఇన్వర్స్ ఎఫ్‌ఎఫ్‌టీలు, అంతే. మిల్లీసెకండ్ బ్లాక్‌లో కిలోహెర్ట్జ్ జరగడమంటే ఎఫ్‌ఎఫ్‌టీని ఒక గడి తిప్పడమే కాబట్టి, శాంపిళ్లకి ఫార్వర్డ్ ఎఫ్‌ఎఫ్‌టీలు 0కీ 500కీ రెండే చాలు. సరిగ్గా రాని ఫలితాన్ని జీపీయూ మీద వేగంగా తెప్పించి ఎవరికి చూపిస్తారు? ఫలితం పోల్చుకోవడానికి జీఎన్‌ఎస్‌ఎస్-ఎస్‌డీఆర్ ఓపెన్ సోర్స్ రిసీవర్ ఉంది, అదే ఫైల్‌ని దానికీ ఇవ్వండి. సిములేటర్ ఫైల్‌తో మొదలుపెట్టడం మంచిదే కానీ, ఉచితంగా దొరికే కొన్ని సాధనాలు నాయిజ్ కలపకుండా ఇస్తాయి. వాటి మీద పాస్ అయిన థ్రెషోల్డ్‌కి విలువ లేదు, నాయిజ్ మీరే కలపండి. ఆ ఫైల్‌ని హార్డ్‌వేర్ గుండా పంపాల్సి వస్తే కేబుల్, అటెన్యుయేటర్‌లతోనే పంపండి. యాంటెన్నా పెట్టి గాల్లోకి వదలడం నేరం, ఇంటర్న్ చేసినా సరే సంతకం మీదే ఉంటుంది.

చివరగా ట్రాకింగ్ వాళ్లకి అప్పగించేటప్పుడు వచ్చే తగువు. 500 హెర్ట్జ్ బిన్ అంటే మీ డాప్లర్‌లో 250 దాకా తప్పు ఉండొచ్చు. 25 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ పీఎల్‌ఎల్ దాన్ని లాక్కోలేదు. కోడ్‌ని తీసేసి మిగిలిన క్యారియర్ మీద 10 మిల్లీసెకండ్ల ఎఫ్‌ఎఫ్‌టీ చేసి, తప్పుని కొన్ని పదుల హెర్ట్జ్‌కి దించి ఇవ్వండి. లేదంటే ముందు ఎఫ్‌ఎల్‌ఎల్ నడపాలని ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకోండి. కోడ్ ఫేజ్‌తో పాటు అది ఫైల్లో ఎన్నో శాంపిల్ నుంచి లెక్కించారో కూడా రాయండి. మీ వెతుకులాటకి 2 సెకన్లు పట్టి, వాళ్లు ఇప్పటి శాంపిల్ నుంచి మొదలుపెడితే, 5 కిలోహెర్ట్జ్ డాప్లర్ దగ్గర కోడ్ ఆరు చిప్‌లకి పైగా జరిగిపోయి ఉంటుంది. వాళ్ల డీఎల్‌ఎల్‌కి అందేది ఒక చిప్ లోపలే. పీఆర్‌ఎన్, శాంపిల్ నంబర్, కోడ్ ఫేజ్, డాప్లర్, దాని అనిశ్చితి, అంచనా సీ బై ఎన్ నాట్: ఈ ఆరు కాలమ్‌ల ఫైల్ ఇవ్వండి. డాప్లర్ గుర్తు ఏ దిశకి ప్లస్సో పై లైన్‌లో రాసి పెట్టండి.